‘కుడ్’ పెడితే మార్కు కట్ చేయడం న్యాయమేనా?

గుత్తి_రోడ్ (అనంతపురం):
డీఎస్సీ కోచింగ్‌లో నిన్న ప్రాక్టీస్ టెస్ట్ పెట్టారు. అందులో ఒక బిట్: ‘ది బస్ బ్రోక్ డౌన్ నియర్ గుత్తి, బట్ వుయ్ ..... రీచ్ ది ఎగ్జామ్ సెంటర్ ఆన్ టైమ్.’ నేను ‘కుడ్’ పెట్టాను. కీలో ‘వర్ ఏబుల్ టు’ ఇచ్చారు. కెన్‌కి పాస్ట్ కుడ్ అని మాకు నేర్పింది వాళ్లే. ఎందుకు తప్పని అడిగితే ‘రూల్ అంతే’ అన్నారు. మీరేమంటారు?

పెన్నా_గట్టు (కడప):
తప్పేం లేదు బ్రో. ‘వుయ్ కుడ్ ఫినిష్ ది వర్క్ ఎస్టర్‌డే’ అని మన ఆఫీసుల్లో రోజూ రాస్తారు. చదివినవాడికి అర్థమవుతూనే ఉంది కదా! ఒక్క మార్కుతో పోస్టు చేజారే పరీక్షల్లో ఇలాంటి తిరకాసులు పెట్టడం అన్యాయం.

బురుజు_మాస్టారు (కర్నూలు):
కీ సరైనదే. ‘రూల్ అంతే’ అనడమే సరైనది కాదు.

‘కుడ్’ అప్పట్లో మనకున్న శక్తిని చెబుతుంది. ఫలానా రోజు పని జరిగిందో లేదో చెప్పదు. ‘ఐ కుడ్ క్లైంబ్ కొండారెడ్డి బురుజు వితౌట్ స్టాపింగ్ వెన్ ఐ వాజ్ యంగ్’ అంటే వయసులో ఉన్నప్పుడు ఆగకుండా ఎక్కగలిగేవాణ్ణి అని. బస్సు సంగతి వేరు. ఒక రోజు చిక్కు వచ్చింది, దాన్ని దాటుకుని చేరారు. అంటే చేరుకోగలిగారు. తెలుగులో ఈ రెండూ మనం కలపం. ‘నిన్న టైముకి చేరుకోగలిగేవాళ్లం’ అని చూడు, ‘మరి ఎందుకు చేరుకోలేదు?’ అంటారు ఎదుటివాళ్లు. ఇంగ్లీష్ సొంత భాషగా ఉన్నవాళ్లకు నీ ‘కుడ్’ దాదాపు అలాగే వినిపిస్తుంది. ‘వుయ్ కుడ్ గో టుమారో’ అని జరగని, జరగబోయే పనులకూ అదే మాట వాడతారు మరి.

కోచింగ్‌లో ‘కెన్ పాస్ట్ కుడ్’ అని ఒక్క లైన్ రాయించి ‘గలిగాను’నీ ‘గలిగేవాణ్ణి’నీ ఒకే గాటన కట్టేశారు. గొడవంతా అక్కడ మొదలైంది.

పెన్నా_గట్టు:
సరే సార్, ‘ఎస్టర్‌డే వుయ్ కుడ్ సీ ది పెన్నా ఫ్రమ్ గండికోట’ అంటే తప్పా? చూసింది నిన్న ఒక్కరోజే. ‘వుయ్ కుడ్ నాట్ రీచ్’ అని కూడా నిన్నటి పనికి వాడొచ్చు. అన్నీ మినహాయింపులే అయితే ఇక రూల్ ఎందుకు?

బురుజు_మాస్టారు:
మంచి పాయింటే పట్టావు. కానీ వాటి వెనకా ఇదే కారణం ఉంది. సీ, హియర్, స్మెల్, అండర్‌స్టాండ్, రిమెంబర్ లాంటివి కష్టపడి సాధించే పనులు కావు. గండికోట అంచున నిలబడినంతసేపూ నది కనబడుతూనే ఉంటుంది. ఇక ‘కుడ్ నాట్’ అన్నావంటే, చేతకాలేదు కాబట్టి పని కూడా జరగనట్టే. అక్కడ అనుమానానికి చోటే లేదు. ‘కుడ్ హార్డ్‌లీ’ కూడా ఆ కోవలోదే.

హైస్కూల్_టీచరమ్మ (అనంతపురం):
మా పదో తరగతి పిల్లలు వ్యాసంలో ఇలా ‘కుడ్’ రాస్తే నేను ఎర్ర ఇంకు పెట్టను. అంతకంటే పెద్ద తప్పులు బోలెడు దిద్దాలి. బిట్ విషయం అలా కాదు. రెండూ పక్కపక్కనే ఇచ్చారంటే ఆ తేడానే అడుగుతున్నారని అర్థం. అసలు ఈ వాక్యానికి ‘మేనేజ్డ్ టు’ ఇంకా బాగా అతుకుతుంది. బస్సు చెడిపోయాక పడ్డ తిప్పలు అందులో తెలుస్తాయి.

పెన్నా_గట్టు:
పరీక్ష వరకు ఒప్పుకుంటానక్కా. తప్పు అంటే మాత్రం ఒప్పుకోను. ‘కుడ్’ స్పెల్లింగ్‌లో పలకని ‘ఎల్’ ఉందే, అది పాత ఇంగ్లీష్‌లో లేదు. వుడ్, షుడ్‌లను చూసి తర్వాతివాళ్లు దూర్చారు. వాళ్ల పొరపాటు రూల్ అయింది, మన వాడుక మాత్రం తప్పు అయిందా?

బురుజు_మాస్టారు:
వాదన గట్టిదే నాయనా. కీ మీద అభ్యంతరం పెట్టేటప్పుడు అది రాస్తే మాత్రం మార్కు కలపరు.

గుత్తి_రోడ్:
సార్, మూడో ఆప్షన్ ‘కుడ్ హావ్’. దాని గురించి కూడా చెప్పండి.

హైస్కూల్_టీచరమ్మ:
నేను చెబుతా తమ్ముడూ. ‘కుడ్ హావ్ రీచ్డ్’ అంటే చేరుకోగలిగేవాళ్లం, కానీ చేరుకోలేదని. నీ బిట్‌లో ఖాళీ తర్వాత ‘రీచ్’ ఉంది, ‘రీచ్డ్’ కాదు. అందుకే అర్థం దాకా పోకుండానే దాన్ని కొట్టేయొచ్చు.