సుప్రాక్లావిక్యులర్ బ్లాక్ (చెయ్యి మొద్దుబారేలా కాలర్ ఎముక పైన ఇచ్చే ఇంజెక్షన్) ఇచ్చిన 25 నిమిషాలకి ఫిట్స్. ఎక్కడ తప్పింది? (డాక్టర్ల మధ్య చర్చ; మాట్లాడేవాళ్లకి వాళ్ల ఊరి పేర్లే పెట్టాం.)

పర్లాకిమిడి: పొద్దున్నుంచి లెక్కలేస్తన్నాను, ఏటీ తేలడం లేదు. ముంజేతి ఎముకలకి ప్లేటింగ్. మొద్దుబరిచే మందులు రెండు, 2% లిగ్నోకైన్ 20 మి.లీ., 0.5% బుపివకైన్ 20 మి.లీ. కలిపి బ్లాక్ ఇచ్చాం. ప్రతి 5 మి.లీ.కీ వెనక్కి లాగి చూశాం, రక్తం రాలేదు. 25 నిమిషాలకి నాలుక మొద్దుబారింది, చెవుల్లో హోరు, వెంటనే ఫిట్స్. ఆక్సిజన్, మిడజోలామ్ (ఫిట్స్ ఆపే మందు)తో తగ్గాయి, పేషెంటు ఇప్పుడు బాగానే ఉంది. సూది రక్తనాళంలో లేదు కదా, మరి మందు రక్తంలోకి ఎలా చేరింది? రేపు ఇలాంటి కేసే ఇంకొకటి ఉంది.

సిరొంచ: బరువెంత? మందు రక్తంలోకి మెల్లగా చేరేలా కలిపే అడ్రినలిన్ ఉన్నదా?

రాయగడ: అసలు టోర్నికే (రక్తం ఆపే పట్టీ) కట్టే ముందు సికిల్ సెల్ రోగానికి టెస్ట్ చేశారా? మన కొండ ఊళ్లలో అది చూడకుండా చెయ్యి బిగించకూడదు. రక్తం ఆగి ఆక్సిజన్ తగ్గితే కణాలు కొడవలి తిరుగుతాయి. సాల్యుబిలిటీ టెస్ట్ (త్వరగా చేసే మొదటి పరీక్ష) పాజిటివ్ అన్నంత మాత్రాన సరిపోదు, రోగమో వాహకమో హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే ఎలక్ట్రోఫోరిసిస్ లాంటి పరీక్షలో తేలుతుంది.

సిరొంచ: మంచి మాటే, కానీ సార్ అడిగింది ఫిట్స్ గురించి.

పర్లాకిమిడి: సికిల్ నెగెటివ్ మేడమ్. బరువు 42 కిలోలు. లిగ్నోకైన్ అడ్రినలిన్ కలిసినదే, 1:2,00,000.

బరంపురం: ఆ 42 దగ్గరే ఉంది జవాబంతా. లిగ్నోకైన్ 400 మి.గ్రా. వెళ్లింది. అడ్రినలిన్‌తో కిలోకి 7 మి.గ్రా. చొప్పున హద్దు 294. బుపివకైన్ 100 వెళ్లింది, కిలోకి 2 చొప్పున హద్దు 84. రెండు మందులు కలిపితే దేని హద్దు దానికి ఉండదు, విషప్రభావం కూడుకుంటుంది. 136 శాతం, 119 శాతం కలిపి చూడండి, రెండున్నర రెట్లు.

రక్తనాళంలోకి నేరుగా పోయి ఉంటే ఫిట్స్ నిమిషంలోపే వచ్చేవి. 25 నిమిషాలంటే కండల్లోంచి, కొవ్వులోంచి మెల్లగా పీల్చుకున్నది. బ్లాక్ తర్వాత రక్తంలో మందు శిఖరానికి చేరేది ఇంచుమించు అప్పుడే. వెనక్కి లాగి చూడడం మొదటిదాన్ని పట్టిస్తుంది, రెండోదాన్ని పట్టించలేదు.

రాయగడ: లిగ్నోకైన్ 5 మైక్రోగ్రాములు దాటితేనే కదా టాక్సిక్ లెవెల్?

బరంపురం: అది మి.లీ. ప్లాస్మాలో మొత్తం మందు లెక్క మేడమ్. మెదడుని తాకేది ప్రోటీన్‌కి అంటుకోకుండా మిగిలిన భాగం. ఊపిరి మందగించి కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆ భాగం పెరుగుతుంది, మెదడుకి రక్తమూ ఎక్కువ వెళ్తుంది. అందుకే ముందు ఊపిరి చూసుకోవాలి.

రాయగడ: అయితే ‘లెవెల్’ అని ఊరికే అనకూడదు, ‘ఫ్రీ లెవెల్’ అనాలి.

సిరొంచ: రేపటి సంగతి చెప్పున్రి.

బరంపురం: ఇదే బరువైతే 0.5% బుపివకైన్ 15 మి.లీ.కి సెలైన్ 5 మి.లీ. కలపండి, 75 మి.గ్రా. అవుతుంది. అల్ట్రాసౌండ్‌తో 20 మి.లీ. చాలు. బ్లాక్ అయ్యాక కనీసం అరగంట పేషెంటుతో మాట్లాడిస్తూ ఉండండి. విరుగుడుగా 20% లిపిడ్ (రక్తనాళంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) పక్కనే పెట్టుకోండి: కిలోకి 1.5 మి.లీ., అంటే 63 మి.లీ., రెండు మూడు నిమిషాల్లో, ఆపైన నిమిషానికి 10 మి.లీ. చొప్పున. ప్రొపొఫాల్ (మత్తుమందు) కూడా తెల్లగా ఉందని దాని బదులు వాడకండి.

పర్లాకిమిడి: థాంక్సండీ. లిపిడ్ స్టోర్‌లో ఉందట, తెప్పిస్తన్నాను.