ఇంట్లో నుసుములు: వెనిగర్ గిన్నె సరిపోతుందా, మూలం వెతకాల్సిందేనా?

పెరటిమొక్క:
మూడు వారాలైంది, ఇల్లంతా నుసుములే. ఫోన్ చూస్తుంటే స్క్రీన్ మీద వాలతాయి, నీళ్ళ గ్లాసులో పడతాయి, మాట్లాడుతుంటే నోట్లోకి వచ్చేస్తున్నాయి. వెనిగర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి పెట్టమని అందరూ చెప్తే పెట్టా, పది రోజులకి కలిపి నాలుగు పడ్డాయి అంతే. మా ఆయనేమో స్ప్రే కొట్టేయ్ అంటారు, ఇంట్లో పాకే పిల్ల ఉంది, నాకు ఇష్టం లేదు. ఇంతకీ ఈ వెనిగర్ నిజంగా పనిచేస్తుందా?

రాత్రిడ్యూటీ:
పనిచేస్తుందండీ, నేనే సాక్ష్యం. పండ్ల బుట్ట పక్కన పెట్టి పడుకున్నా, తెల్లారి చూస్తే గిన్నె అడుగున నల్లగా పేరుకుపోయి ఉన్నాయి. సబ్బు మాత్రం మర్చిపోకండి, అది లేకపోతే నీటి మీద హాయిగా వాలి మళ్ళీ ఎగిరిపోతాయి, సబ్బు పడితే నిలబడలేక మునుగుతాయి. గిన్నె మార్చి చూడండి, ఓపిక పట్టండి.

మట్టివాసన:
ఓపిక పడితే నాలుగు కాస్తా ఎనిమిది అవుతాయంతే. రాత్రిడ్యూటీ గారూ, మీకు పనిచేసింది కరెక్టే, ఎందుకంటే మీవి పండు ఈగలు, అవి పులిసిన వాసనకి పరిగెత్తుకొస్తాయి. పెరటిమొక్క గారివి అవి కాదేమో అని నా అనుమానం. మనం అన్నిటినీ నుసుములు అనేస్తాం గానీ ఇంట్లో తిరిగేవి ముఖ్యంగా మూడు రకాలు. గోధుమ రంగులో గుండ్రంగా, చాలాసార్లు ఎర్ర కళ్ళతో ఉంటే పండు ఈగ. సన్నటి నల్ల ఒళ్ళు, పొడుగు కాళ్ళు, చిన్న దోమలా ఉండి కుండీల చుట్టూ నీరసంగా ఎగిరితే మట్టి నుసుమ. బాత్రూం గోడ మీద బూడిద రంగులో, రెక్కలకి నూగుతో బుల్లి సీతాకోకలా కూర్చుంటే డ్రెయిన్ ఈగ. ఒక్కోటి పుట్టే చోటు ఒక్కోటి, అది తెలియకుండా ఏ గిన్నె పెట్టినా దండగే. ఇంట్లో మొక్కలున్నాయా?

రాత్రిడ్యూటీ:
రకాలు సరే, కానీ ఎగిరేవాటిని చంపకపోతే అవి గుడ్లు పెడుతూనే ఉంటాయి కదండీ? పట్టడం దండగ అంటే నేనొప్పుకోను.

మట్టివాసన:
ఆ మాట నిజమే, దండగ అన్నది ఎక్కువైంది, వెనక్కి తీసుకుంటున్నా. మట్టి నుసుమలకి పసుపు జిగురు కార్డులు కుండీలో గుచ్చితే బాగానే అంటుకుంటాయి, తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో లెక్క కూడా తెలుస్తుంది. కానీ ఎగిరేది వారం పది రోజులే బతుకుతుంది, ఆడది ఈలోపు వంద పైన గుడ్లు పెట్టగలదు, మీరు పట్టేలోపే సగం పని అయిపోయి ఉంటుంది. స్ప్రే కూడా అంతే, గాల్లో ఉన్నవే రాలతాయి, గుడ్ల నుంచి వచ్చి మట్టిలో ఉన్న పిల్ల పురుగుకి తగలదు, రెండ్రోజులకి కొత్తవి లేస్తాయి. పాకే పిల్ల ఉన్న ఇంట్లో దాని కోసం స్ప్రే ఎందుకు చెప్పండి.

పైపుపని:
డ్రెయిన్ కూడా ఓసారి చూడండి. రాత్రి జాలి పొడిగా తుడిచి, జిగురు వైపు కిందికి పెట్టి టేప్ అంటించండి, గాలాడటానికి కొంచెం ఖాళీ వదలండి, పొద్దున దానికి ఈగలు అంటుకుంటే మూలం అదే. బ్లీచ్ పోస్తే చాలు అనుకుంటారు, అది పాకుడు మీంచి జారిపోతుంది, పురుగు ఆ పాకుడు లోపలే ఉంటుంది. బ్రష్ పెట్టి గీకాల్సిందే. ఇంకో మాట, బ్లీచ్ పోసిన చోట వెనిగర్ అస్సలు పోయొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

పెరటిమొక్క:
టేప్ పెట్టా, ఒక్కటీ లేదు. మొక్కలు మాత్రం పదకొండు కుండీలు ఉన్నాయి, రోజూ నీళ్ళు పోస్తా.

మట్టివాసన:
రోజూనా! అదేనండీ. పచ్చి బంగాళాదుంప ముక్క కోసి మట్టి మీద బోర్లించండి, మూడు రోజులకి తిప్పి చూడండి, మట్టిలో పిల్ల పురుగులుంటే దాని కిందే కనపడతాయి.

పెరటిమొక్క:
ఇవాళ తిప్పా. తెల్లగా, గాజులా మెరుస్తూ దారపు ముక్కల్లాంటివి, తలేమో నల్లటి చుక్క. ఒక్క ముక్క కింద తొమ్మిది లెక్కపెట్టా, ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ వంటింట్లో గిన్నె పెట్టుకుని కూర్చున్నా, హాల్లో నేనే పెంచుతున్నా వీటిని.

మట్టివాసన:
భయపడకండి, కుట్టవు. నీళ్ళు ఆపండి, పైన రెండంగుళాల మట్టి వేలికి పొడిగా తగిలాకే మళ్ళీ పోయండి, పురుగులు ఎక్కువగా ఆ పై మట్టిలోనే ఉంటాయి, తడి లేకపోతే బతకవు. అయినా తగ్గకపోతే బీటీఐ అని దొరుకుతుంది, అదొక బ్యాక్టీరియా, పురుగు తింటే దాని పేగు దెబ్బతిని చస్తుంది, ప్యాకెట్ మీద రాసినట్టే కలిపి పోయండి. గుడ్ల మీద పనిచెయ్యదు కాబట్టి వారానికోసారి మళ్ళీ పోయాలి. గుడ్డు నుంచి ఈగ అవ్వడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో వదిలేయొద్దు.

రాత్రిడ్యూటీ:
జిగురు కార్డులు కూడా గుచ్చండి మరి. అది నేను వదలను.

పెరటిమొక్క:
రెండూ చేస్తున్నానండీ. పన్నెండు రోజులైంది, మొదటి వారం కార్డుకి నలభై రెండు అంటుకున్నాయి, ఈ వారం పదకొండే. కిటికీ దగ్గరున్న పెద్ద కుండీ ఒక్కటే ఇంకా ఆరట్లేదు, కింద ప్లేట్‌లో నీళ్ళు నిలిచిపోయి ఉన్నాయి, ఇప్పుడే ఎత్తి పారబోశా.