టిగ్ వెల్డింగ్‌లో ఆర్గాన్ ఫ్లో పెంచినా రంధ్రాలు పడుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: టిగ్ (టంగ్‌స్టన్ మొనతో విద్యుత్ ఆర్క్ పుట్టించి లోహాన్ని కరిగించి అతికే పద్ధతి) చేస్తున్నాను. 2 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, 70 ఆంపియర్లు, టార్చ్‌కు 6వ నంబరు కప్పు (గ్యాస్ బయటికి వచ్చే మూతి). వెల్డుకు గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ ఫ్లో నిమిషానికి 8 లీటర్ల దగ్గర వెల్డులో సూదిమొనంత రంధ్రాలు పడుతున్నాయి. 18కి పెంచితే ఇంకా ఎక్కువయ్యాయి. టంగ్‌స్టన్ మొన నీలంగా మారుతోంది, పైపు లోపల నల్లటి పొక్కులు కడుతున్నాయి. లోపం గ్యాస్‌దా, టార్చ్‌దా?

జవాబు 1: ముందు ఆ 18ని తగ్గించండి. 6వ నంబరు కప్పు మూతి 9.5 మి.మీ. మాత్రమే, నిమిషానికి 7–10 లీటర్లు సరిపోతాయి. అంతకు మించితే గ్యాస్ సుడులు తిరిగి, చుట్టూ ఉన్న గాలిని తనలోకి లాక్కుంటుంది. అందుకే పెంచినకొద్దీ రంధ్రాలు పెరిగాయి.

8 దగ్గరా రంధ్రాలున్నాయంటే గాలి ఇంకెక్కడో దూరుతోంది. టార్చ్ వెనక క్యాప్ విప్పి ఓ-రింగ్ (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు వలయం) చూడండి, అణిగిపోయినా చీలినా మార్చేయండి. హోస్ జాయింట్లకు సబ్బు నీళ్లు రాయండి. తర్వాత శుభ్రమైన రేకు మీద ఫిల్లర్ (కరిగించి కలిపే లోహపు తీగ) లేకుండా ఒక చుక్క కరిగించండి: మెరిస్తే టార్చ్ బాగున్నట్టే, మసి పట్టి ఉడికినట్టుంటే గ్యాస్ దారిలోనే లోపం.

మొన నీలమవడం వేరే సంగతి. ఆర్క్ ఆగాక వచ్చే గ్యాస్ చాలడం లేదు. 10 ఆంపియర్లకు 1 సెకను లెక్కన 7 సెకన్లు పెట్టండి, అంతవరకు టార్చ్ కదపకండి.

జవాబు 2: లోపలి పొక్కులకు టార్చ్‌తో సంబంధం లేదు, పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. అది గాలి కంటే దాదాపు 1.4 రెట్లు బరువు కాబట్టి, నిలువు పైపుకైతే కింద నుంచి పంపి పైన చిన్న రంధ్రం వదలండి. 50 మి.మీ. లోపలి వ్యాసం, మీటరు పొడవు పైపులో పట్టేది సుమారు 2 లీటర్లు. దానికి ఐదారు రెట్లు పోవాలి, అంటే 10 లీటర్ల ఫ్లోతో నిమిషం పైచిలుకు. జాయింట్ చుట్టూ టేపు వేసి, వెల్డు ముందుకు సాగేకొద్దీ ఒలుచుకుంటూ వెళ్లండి. వెల్డు చేసేటప్పుడు ఫ్లో 3–4కి దించాలి, లేకపోతే చివరి అంగుళం మూసేటప్పుడు లోపలి ఒత్తిడికి కరిగిన లోహం బయటికి ఉబుకుతుంది.

జవాబు 3: సిలిండర్ లేబుల్ కూడా చూడండి. మిగ్ (తీగే కరుగుతూ అతికే మరో వెల్డింగ్) కోసం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్‌తో టిగ్ చేస్తే టంగ్‌స్టన్ మాడిపోతుంది. 99.99 శాతం ఆర్గాన్ కావాలి.

ఇంకొకటి, ట్యాంకులో గానీ గోతిలో గానీ ఈ పని చేస్తుంటే ఆక్సిజన్ మీటరు తప్పనిసరి. ఆర్గాన్ విషం కాదు, పీల్చే గాలిలో 0.93 శాతం అదే. కానీ వాసన లేకుండా అడుగున పేరుకుని ఆక్సిజన్‌ను తోసేస్తుంది. మీటరు 19.5 శాతం కంటే తక్కువ చూపిస్తే వెంటనే బయటికి రావాలి.