కాన్‌ను కాదని లేమన్‌ను ఎందుకు ఎంచుకున్నారు?

జర్మనీ ఫుట్‌బాల్ జట్టు మాజీ గోల్‌కీపర్ యెన్స్ లేమన్ ఆటను దగ్గరగా గమనించినవారు దయచేసి నా సందేహం తీర్చగలరు. 2002 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన ఒలివర్ కాన్‌ను పక్కనపెట్టి, 2006లో సొంతగడ్డపై జరిగిన పోటీలకు కోచ్ క్లిన్స్‌మన్ లేమన్‌నే మొదటి గోల్‌కీపర్‌గా ఎంచుకోవడానికి అసలు కారణం ఏమిటి? 2003-04లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ ఓటమి ఎరుగకుండా ముగించిన 38 లీగ్ మ్యాచ్‌లలోనూ గోల్ కాచింది ఆయనే కనుక అర్హతను శంకించడం లేదు. గోల్ వదిలి ముందుకు వచ్చి, కాళ్లతో బంతిని ఆడించగల నేర్పే కారణమని కొందరంటారు. నాకైతే అదొక్కటే చాలదనిపిస్తుంది. అర్జెంటీనాతో క్వార్టర్ ఫైనల్‌లో ఎవరు ఎటు కొడతారో రాసి ఉన్న, మేజోడులో దాచుకున్న చీటీ చూసుకుంటూ అయాలా, కాంబియాసోల పెనాల్టీలను ఆపడం నిజమే గాని, అది ఎంపిక తర్వాతి మాట. (ఆ షూటౌట్‌కు ముందు కాన్ స్వయంగా వచ్చి చేయి కలిపారు, ఎంత పెద్ద మనసో!) 2004 నుంచి ఇద్దరి ఆటనూ పోల్చి చూసినవారు ఎవరైనా వివరించగలరా?