అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్ ప్యాకేజీలు వేరే మెషిన్‌లో బిల్డ్ చేయడం, మొత్తానికి పనైంది

రెండు కోర్లు, 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో జెంటూ (ప్రోగ్రామ్‌లను సోర్స్ కోడ్ నుంచి మన మెషిన్‌లోనే తయారుచేసుకునే లినక్స్) వాడుతున్నానని, కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వస్తే చాలు రాత్రంతా బిల్డ్ అవుతూనే ఉంటోందని, ఆ పనిని డెస్క్‌టాప్‌కి ఎలా అప్పగించాలని అడిగాను కదా. ఇప్పుడు సెట్ అయింది. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

ముందు డిస్ట్‌సీసీ అనే టూల్ పెట్టి చూశాను. అది కంపైల్ పనిని మాత్రమే వేరే మెషిన్లకి పంచుతుంది. లింకింగ్ (కంపైల్ అయిన ముక్కలను ఒక ప్రోగ్రామ్‌గా కలపడం) ల్యాప్‌టాప్‌లోనే జరగాలి, పెద్ద ప్రోగ్రామ్‌లకి సరిగ్గా అక్కడే ర్యామ్ నిండిపోయేది. రస్ట్ భాషలో రాసిన కోడ్‌కి అది పనికిరాదు కూడా. తీసేశాను.

తర్వాత మీలో ఒకరు చెప్పినట్టు డెస్క్‌టాప్‌లో ల్యాప్‌టాప్ సెట్టింగ్‌లతోనే ఒక క్రూట్ (ఒక ఫోల్డర్‌లో విడిగా ఉండే సిస్టమ్) తయారుచేసి, అందులో బిల్డ్ అయిన బైనరీలను (రెడీగా నడిచే ప్రోగ్రామ్ ఫైళ్లను) ఎస్ఎస్‌హెచ్ (మెషిన్ల మధ్య సురక్షిత కనెక్షన్) ద్వారా ల్యాప్‌టాప్ తీసుకునేలా పెట్టాను. మొదటిసారి సగం ప్రోగ్రామ్‌లు 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఆగిపోయాయి, సిస్టమ్ మొత్తం పోయిందేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే మార్చ్ ఆప్షన్‌ని (ఏ ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేయాలో కంపైలర్‌కి చెప్పేది) 'నేటివ్', అంటే బిల్డ్ చేసే మెషిన్‌దే అని వదిలేశాను, దాంతో కోడ్ డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి తగ్గట్టు తయారైంది, అందులో ఉన్న ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో లేదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ రకాన్ని పేరుతో సహా రాసి మళ్లీ బిల్డ్ చేస్తే అన్నీ నడిచాయి. యూజ్ ఫ్లాగ్‌లు (ప్యాకేజీలో ఏ ఫీచర్లు ఉండాలో చెప్పే సెట్టింగ్‌లు) కూడా రెండు చోట్లా ఒకేలా ఉంచండి, తేడా ఉంటే జెంటూ ఆ బైనరీని పక్కనపెట్టి మళ్లీ ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ మొదలుపెడుతుంది.

రెండో మెషిన్ లేనివాళ్లకి ఒక మాట: 2023 డిసెంబర్ నుంచి జెంటూ వాళ్లే చాలా ప్యాకేజీలకు రెడీమేడ్ బైనరీలు ఇస్తున్నారు, ముందు అవి ప్రయత్నించండి. నాకు ఫ్లాగ్‌లు వేరు కాబట్టి కుదరలేదు.