నాలుగు సిలిండర్ల బస్సు ఐడ్లింగ్‌లో ఇంత వణకాలా?

ప్రశ్న:
32 సీట్ల స్కూల్ బస్సు, పాత మోడల్, నాలుగు సిలిండర్లు, ఇన్‌లైన్ పంపు (ఒక్కో సిలిండర్‌కి విడిగా డీజిల్ తోసే పాత తరహా పంపు). సిగ్నల్ దగ్గర ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతుంటే (ఐడ్లింగ్) కిటికీ అద్దాలన్నీ గలగల. 1,000 ఆర్పీఎం దాటగానే సద్దుమణుగుతుంది. ఆరు సిలిండర్ల పెద్ద బస్సుల్లో ఈ గోల లేదు. ఇది ఇంజన్ తీరా, రిపేరా?

జవాబు 1:
సగం తీరే. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగితే నాలుగు సిలిండర్లలో రెండు పవర్ స్ట్రోకులు (డీజిల్ మండి పిస్టన్‌ని తోసే దెబ్బలు), ఆరింట్లో మూడు. 650 ఆర్పీఎం దగ్గర నిమిషానికి అక్కడ 1,950 దెబ్బలు, ఇక్కడ 1,300. ఎడం ఎక్కువ కాబట్టి ఒక్కో దెబ్బా బాడీకి విడిగా తగులుతుంది. టాటా 497, 697 చూడండి: మొదటి అంకె సిలిండర్లు, 97 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు). పిస్టన్ సైజు ఒకటే, ఇంజన్ మాత్రం 3.8 లీటర్లు, 5.7 లీటర్లు.

నాలుగు సిలిండర్లకి 'బ్యాలెన్స్ లేదు' అని కొందరు అనేది వేరే సంగతి. పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా కదులుతుంది. అందుకే రెండు ఎక్కి రెండు దిగుతున్నా చుట్టుకి రెండు కుదుపులు మిగులుతాయి. అవి స్పీడుతో పెరుగుతాయి, ఐడ్లింగ్‌లో లెక్కలోకి రావు.

జవాబు 2:
తీరు అని వదిలేయకండి. వణుకు ఒకే లయలో ఉంటే మౌంటింగ్ రబ్బర్లు (ఇంజన్ కూర్చునేవి) చూడండి. ఆయిల్ తాగి ఉబ్బినా, పగిలి ఇనుముకి ఇనుము తగులుతున్నా జతగా మార్చాలి. మధ్యమధ్య తడబడుతుంటే ఏదో సిలిండర్ మిస్సింగ్ (సరిగ్గా మండటం లేదు). ఐడ్లింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్టు, గుడ్డ కప్పి, కొద్దిగా లూజ్ చేయండి. ఎక్కడ శబ్దం మారదో అదే దొంగ. కామన్ రైల్ బండిలో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హై ప్రెషర్ పైపు ఉండే కొత్త తరహా) మాత్రం నట్టు ముట్టుకోవద్దు. ఐడ్లింగ్‌లోనూ వందల బార్ల ప్రెషర్, డీజిల్ ధార చర్మంలోకి దిగిపోతుంది. దానికి స్కానర్‌తో ఒక్కో సిలిండర్‌నీ ఆపి చూసే కటాఫ్ టెస్టే.

నాజిల్స్ (ఇంజెక్టర్ మొనలు) బాగుంటే టాపెట్లు (వాల్వుల గ్యాపు) చూడండి. ఫైరింగ్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 అయితే 5 లెక్క, అంటే జత సిలిండర్ల నంబర్లు కలిపితే 5: 4వ సిలిండర్ వాల్వులు రెండూ కలిసి ఆడుతున్నప్పుడు (ఒకటి మూసుకుంటూ, ఇంకొకటి తెరుచుకుంటూ) 1వది సెట్ చేయాలి, 2వది ఆడితే 3వది. ఆరు సిలిండర్లకి అలవాటైనవాళ్లు ఇక్కడా 7 లెక్క వేసి పప్పులో కాలేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
రబ్బర్లు చూస్తానండీ. ఇంజన్ ఆపేటప్పుడు కూడా ఒక్కసారి గట్టిగా ఊగుతుంది, అదీ దీనివల్లేనా?

జవాబు 2:
ఆర్పీఎం పడిపోతూ రబ్బర్ల సొంత ఊపుని దాటేటప్పుడు ఒక్క ఊపు సహజం. దాంతోపాటు 'టంగ్' మని ఇనుప చప్పుడు వస్తే రబ్బరు పోయినట్టే. ముందు గేరుబాక్సు వైపుది చూడండి, పైనుంచి కనపడదు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు.