గోల్ వీరుల బోర్డులు: ర్యాంకులు పెడదామా, వద్దా?

ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి, హాలు పనులు:
తమ్ముడూ, ఇక్కడ నెదర్లాండ్స్‌లో మన జిల్లా వాళ్ల పండగకు హాలు ఖాయమైంది. భోజనాలకు వెళ్లే దారిలో ఎడమ గోడంతా మన హాకీ గోల్ వీరుల బోర్డులకే ఇచ్చారు. ఇక్కడ మన పిల్లలు చాలామంది హాకీ క్లబ్బుల్లో ఆడతారు, ఇరుగుపొరుగు డచ్ వాళ్లు కూడా వస్తామన్నారు. కమిటీలో మాత్రం "ఆల్‌టైమ్ టాప్ టెన్ అని వరసగా పెట్టేస్తే పోలా" అంటున్నారు. బోర్డుల పని నీది కాబట్టి నీ మాటే చెప్పు.

తిరుపతి నుంచి, బోర్డుల పని:
అక్కా, టాప్ టెన్ వద్దు. మొత్తం గోల్స్ చూసి వరస పెడితే పాకిస్తాన్ ఆటగాడు సొహైల్ అబ్బాస్ 348 గోల్స్‌తో పైన ఉంటాడు. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆయనవి ఎక్కువగా పెనాల్టీ కార్నర్‌లో (ఎదుటి జట్టు గోల్ దగ్గర తప్పు చేస్తే దొరికే అవకాశం) డ్రాగ్ ఫ్లిక్‌తో, అంటే బంతిని కర్రతో ఈడ్చి విసిరి, వేసినవి. ధ్యాన్‌చంద్ రోజుల్లో ఆ దెబ్బే లేదు. ఆయన ఆడింది గడ్డి నేల మీద, బంతి ఏ గుంతకు తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు. పైగా ఆఫ్‌సైడ్ రూలు 1990ల దాకా ఉండేది కాబట్టి ముందే పోయి గోల్ దగ్గర కాచుకునే వీలు లేదు. ఈ ఇద్దరినీ ఒక నిచ్చెన మీద పైమెట్టు, కిందిమెట్టు అని ఎట్లా నిలబెడతాం?

ప్రతి బోర్డు కింద ఒక పట్టీ వేద్దాం. ఏ నేల మీద ఆడారు, అప్పటి రూలేమిటి, ఎదురుగా ఎవరున్నారు. అంతే. పోలిక చూసేవాళ్లే వేసుకుంటారు.

ధ్యాన్‌చంద్ బోర్డు మీ పక్కూరితోనే మొదలుపెడదాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు అయిదు మ్యాచ్‌లలో 29 గోల్స్ వేసి, ఒక్కటి కూడా ఇవ్వలేదు. అందులో ధ్యాన్‌చంద్‌వి 14. ఫైనల్లో 3-0తో ఓడింది నెదర్లాండ్సే. ఆ ఒలింపిక్ స్టేడియం ఇంకా ఉంది, పిల్లల్ని తీసుకుపోయి చూపించొచ్చు.

1932 ఒలింపిక్స్ సంగతి మాత్రం జాగ్రత్తగా రాయాల. అమెరికా మీద 24-1, రూప్‌సింగ్ ఒక్కడే 10, వాళ్లన్న ధ్యాన్‌చంద్ 8. చదివితే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. కానీ ఆ ఏడాది లాస్ ఏంజెలిస్‌లో హాకీ ఆడినవి మూడు జట్లే. ఆ ముక్క పట్టీలో ఉండి తీరాల.

నన్నడిగితే అన్నిటికన్నా బరువైనవి 1952లో హెల్సింకీ ఫైనల్లో బల్బీర్ సింగ్ సీనియర్ వేసిన అయిదు గోల్స్. నెదర్లాండ్స్ మీద 6-1, ఆరింటిలో అయిదు ఆయనవే. పురుషుల ఒలింపిక్ ఫైనల్లో ఒక్కరే అయిదు గోల్స్ వేయడం మళ్లీ జరగలేదు. చిన్న జట్టు మీద పదేయడం వేరు, పతకం మ్యాచ్‌లో అయిదేయడం వేరు. ఆ బోర్డు కొంచెం పెద్దదిగా వేయిస్తా, అనుమతి ఇవ్వండి.

యూట్రెక్ట్ నుంచి, పిల్లల ఆటలు:
మ్యాచ్‌కి ఎన్ని గోల్స్ అని సగటు తీస్తే సరిపోదా అన్నా? మా వాడు అదే అడుగుతున్నాడు. అట్లాగే డచ్ వాళ్లలో ఎవరూ లేకపోతే బాగుండదు.

తిరుపతి నుంచి, బోర్డుల పని:
సగటూ మోసం చేస్తుంది తమ్ముడూ. 1935 న్యూజిలాండ్ పర్యటనలో ధ్యాన్‌చంద్ గోల్స్ 200 దాటాయి, కానీ చాలా మ్యాచ్‌లు అక్కడి స్థానిక జట్లతో ఆడినవి. వాటిని ఇప్పటి అంతర్జాతీయ మ్యాచ్‌లతో కలిపి భాగిస్తే లెక్క తప్పుతుంది.

డచ్ వైపు నుంచి పాల్ లిట్యెన్స్. పెనాల్టీ కార్నర్‌ను ఆయుధంగా చేసుకున్న ఆయన పేరిటే ప్రపంచ రికార్డు ఉండేది, దాన్ని సొహైల్ అబ్బాస్ 2004లో దాటాడు. వీళ్లిద్దరినీ పక్కపక్కనే పెడదాం. మధ్యలో ఒలింపిక్స్‌కు కృత్రిమ టర్ఫ్ వచ్చింది 1976 మాంట్రియల్‌లో అని రాస్తే పిల్లలకు అర్థమవుతుంది. ఆ వరసలోనే హర్మన్‌ప్రీత్ సింగ్. 2024 పారిస్‌లో 10 గోల్స్‌తో అందరికన్నా ముందు. కాంస్యం మ్యాచ్‌లో స్పెయిన్ మీద 2-1, రెండూ తనవే, రెండూ పెనాల్టీ కార్నర్లే.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. గోల్స్ గురించి గోడంతా నింపి గోల్‌కీపర్‌ను మరిచిపోతే ఎట్లా? మన యెర్రావారిపాళెం వైపు పల్లె నుంచి భారత మహిళల జట్టు దాకా వెళ్లిన ఇ. రజని గోల్‌కీపరే. మన జిల్లా వాళ్ల పండగలో ఆ అమ్మాయి బోర్డు తలుపు దగ్గరే ఉండాల. పక్కనే గోడ మీద టేపుతో నిజం కొలతల గోల్ గీయండి, వెడల్పు పన్నెండు అడుగులు, ఎత్తు ఏడు. పిల్లలొకరు చేతులు చాపి మధ్యలో నిలబడితే ఎంత ఖాళీ మిగులుతుందో కళ్లకు కనిపిస్తుంది.

ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి, హాలు పనులు:
గోడ ఎత్తు చాలుతుంది, చూశాను. ర్యాంకులు లేకుండానే వేయించు, కమిటీకి నేను చెప్తా. బల్బీర్ బోర్డు పెద్దది, సరే. ఇక్కడే ప్రింట్ చేయిస్తే కుదరదా?

తిరుపతి నుంచి, బోర్డుల పని:
వద్దక్కా. పోయినసారి అక్కడ వేయిస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కకు పడ్డాయి కదా. ఇక్కడ గాంధీ రోడ్డులో "అను" అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసే అబ్బాయి ఉన్నాడు, "ధ్యాన్‌చంద్"లో యావత్తు సరిగ్గా కింద కూర్చునేదాకా వదలడు. మడత పడితే ఫ్లెక్స్ మీద తెల్లగీత వస్తుంది, అందుకని చుట్టి పీవీసీ పైపులో పెట్టిస్తా. చెన్నై నుంచి విమానం ఎక్కేవాళ్లు ఎవరున్నారో ఈ వారంలో చెప్పండి. డచ్ భాషలో పట్టీలు ఎవరు రాస్తారో కూడా. రజని ఫొటోకు అనుమతి అడిగే పని నాది.